పంక్తి భోజనాల్లో ఊరి సమస్యల చర్చ: తరచుగా అడిగే ప్రశ్నలు

మా కాలనీలో నెలకో ఆదివారం అందరం కలిసి తింటూ నీళ్లు, మురుగు కాలువ, వీధి దీపాలు, బడి గురించి మాట్లాడుకుంటాం. మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. ఈ సంగతి విన్న వేరే కాలనీలవాళ్లు, పక్క ఊళ్లవాళ్లు ఫోను చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పడం కంటే ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. మీ సందేహం ఎక్కడుంటే అక్కడి నుంచే చదవండి.

## మొదలుపెట్టే ముందు

సమస్యలు మాట్లాడుకోవడానికి భోజనాలెందుకు? మీటింగు పెట్టుకుంటే చాలదా?

మేమూ మొదట మీటింగే పెట్టాం. 50 కుర్చీలు వేస్తే 11 మంది వచ్చారు, వాళ్లలో ఏడుగురు సంఘం కమిటీవాళ్లే. మీటింగు అంటే ఎవరో మాట్లాడతారు, మనం వినాలి అన్న లెక్క మనలో పాతుకుపోయింది. మైకు చూస్తే గొంతు పెగలనివాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు. పంక్తిలో అలా కాదు. పప్పులో ఉప్పు తగ్గిందన్న మాటతో మొదలై, మీ కుళాయికి నీళ్లు ఎన్నింటికి వస్తున్నాయి అన్నదాకా వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంకో చిన్న లాభం కూడా ఉంది. నోట్లో ముద్ద ఉన్న మనిషి ఎదుటివారి మాట విని తీరాలి.

ఇదేమైనా కొత్త పద్ధతా? ఎక్కడైనా జరిగిందా?

చాలాచోట్ల, చాలా రకాలుగా జరిగింది. సిక్కుల గురుద్వారాల్లో లంగరు అనే ఉచిత సామూహిక భోజనం శతాబ్దాలుగా నడుస్తోంది. రాజైనా కూలివాడైనా ఒకే వరుసలో నేల మీద కూర్చోవాల్సిందే. 18వ శతాబ్దంలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఆవిరి యంత్రాన్ని మెరుగుపరిచిన జేమ్స్ వాట్, శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్‌లీ లాంటివాళ్లు నెలకోసారి కలిసి భోంచేస్తూ శాస్త్రం, పరిశ్రమల గురించి చర్చించేవారు. పౌర్ణమికి దగ్గరి రోజునే కలిసేవారు కనుక దానికి లూనార్ సొసైటీ, అంటే చంద్ర సంఘం, అని పేరు. దీపాలు లేని దారిలో ఇంటికి తిరిగి వెళ్లాలంటే వెన్నెల కావాలి కదా! మా మూడో వీధివాళ్లకు ఈ కారణం వివరించాల్సిన పని లేకపోయింది.

మనకు అన్నిటికంటే దగ్గరిది కేరళలోని చెరాయి. అక్కడ 1917లో సహోదరన్ అయ్యప్పన్ అనే ఈళవ కులపు యువకుడు, అప్పట్లో అంటరానివాళ్లుగా చూసిన పులయ కులంవాళ్లతో కలిసి మిశ్రభోజనం చేశాడు. సొంత కులంవాళ్లే వెలివేశారు, 'పులయన్ అయ్యప్పన్' అని ఎగతాళి చేశారు. ఆయన దాన్ని బిరుదుగా తీసుకున్నాడు. ఈ మధ్యకాలంలో చూస్తే, అమెరికాలోని డెట్రాయిట్‌లో 2010 నుంచి 'సూప్' పేరుతో విందులు నడిపారు. తలుపు దగ్గర ఐదు డాలర్లిచ్చి లోపలికి వెళితే సూపు, సలాడు పెట్టేవారు. ఊరికి పనికొచ్చే ఆలోచనలు నాలుగు వినేవారు, ఓటేసేవారు. గెలిచిన ఆలోచనకు ఆ రాత్రి పోగైన డబ్బంతా ఇచ్చేసేవారు.

కార్తీక వనభోజనాలు ఎలాగూ ఉన్నాయి కదా, అక్కడే మాట్లాడుకోవచ్చు కదా?

ఉసిరిచెట్టు నీడ, అరిటాకు, పిల్లల ఆటలు అన్నీ బాగుంటాయి. అయితే కొన్నేళ్లుగా వనభోజనాల బ్యానర్ల మీద ఏం రాస్తున్నారో ఒకసారి చదవండి. ఫలానా కులం కార్తీక వన సమారాధన అని ఉంటుంది. వేదిక మీద ఆ కులానికి చెందిన నాయకులు ఉంటారు. అక్కడ చర్చకు వచ్చేది పదవుల్లో మన వాటా. మన వీధి కాలువ ఊసే ఉండదు. ఒకే కులంవాళ్లు కలిసి తినడానికి ఎవరి ప్రోత్సాహమూ అక్కర్లేదు, పెళ్లిళ్లలో రోజూ జరిగేదే. మురుగు కాలువ మాత్రం కులం అడగకుండా అందరి గుమ్మాల ముందు నుంచీ పారుతుంది. కనుక వీధి లెక్కన పిలవండి. కార్తీకంలోనే పెట్టుకుంటే సంతోషం.

ఎంతమందితో మొదలుపెట్టాలి?

పదిహేను మంది చాలు. 60 దాటితే అది విందు అవుతుంది, చర్చ అడుగున పడిపోతుంది. మాకు 40 దగ్గర బాగా కుదిరింది.

మధ్యాహ్నం పెట్టాలా, రాత్రి పెట్టాలా?

ఎవరు రావాలని మీరు కోరుకుంటున్నారో దాన్ని బట్టి తేల్చుకోండి. ఆదివారం మధ్యాహ్నమైతే ఉద్యోగస్థులు, పెద్దవాళ్లు, పిల్లలు వస్తారు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు, ఆటో నడిపేవాళ్లకు, దుకాణాల్లో పనిచేసేవాళ్లకు ఆదివారమే ఎక్కువ పని. వాళ్లు రావాలంటే రాత్రి 8 గంటలకు పెట్టాలి. మేం రెండు నెలలు మధ్యాహ్నం, మూడో నెల రాత్రి అని పెట్టుకున్నాం. రాత్రి పెడితే మైకు జోలికి పోవద్దు. 10 గంటల తర్వాత లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. అయినా నలభై మందికి మైకెందుకు?

## వంట, వడ్డన

నలభై మందికి ఎంత వండాలి? ప్రతిసారీ మిగిలిపోవడమో, తక్కువపడటమో అవుతోంది.

కిలో బియ్యం ఎనిమిది మందికి అని లెక్క వేసుకోండి. పులిహోర కూడా ఉంటే పదిమందికి వస్తుంది. నలభై మందికి ఐదు కిలోల బియ్యం, కిలోంపావు కందిపప్పు, నాలుగు కిలోల కూరగాయలు, ఐదు లీటర్ల పాలతో తోడుపెట్టిన పెరుగు సరిపోతాయి. పప్పు, ఒక కూర, చారు, పచ్చడి, పెరుగు చాలు. అంతకు మించి వండారంటే మాటలన్నీ వంటకాల మీదికే పోతాయి. ఒకసారి ఎవరో ఉత్సాహపడి గుత్తివంకాయ చేయించారు. ఆ నెల చెత్త బండి గురించి మాట్లాడాల్సింది, అరగంట మసాలా గురించి మాట్లాడుకున్నాం. గుత్తివంకాయ అద్భుతంగా కుదిరింది, చెత్త బండి మాత్రం ఇంకో నెల రాలేదు.

మాంసం పెట్టాలా, వద్దా?

దీని మీద జవాబు చెప్పి తప్పించుకున్నవాళ్లు లేరు. మా పద్ధతి చెబుతాను. మామూలుగా శాకాహారమే, ఎందుకంటే చవక. ఏడాదికి రెండుసార్లు కోడికూర కూడా ఉంటుంది, గిన్నెలు వేరు, పంక్తి మాత్రం ఒకటే. మాంసం తిననివాళ్ల కోసం వేరే గది అడిగితే ఒప్పుకోం. వేరే గరిటె అడిగితే ఇస్తాం.

వంట ఎవరు చేయాలి? చివరికి ఆడవాళ్ల మీదే పడుతోంది.

ఈ ప్రశ్న అడిగినవాళ్లందరూ ఆడవాళ్లే. ఒక్క మగమనిషి కూడా అడగలేదు.

మొదటి ఏడాది మా దగ్గరా ఇదే జరిగింది. ఆరుగురు ఆడవాళ్లు పొద్దున్న ఐదింటికి లేచి కూరలు తరిగేవారు. వడ్డించేవారు, మగవాళ్లు తిన్నాక తినేవారు, వాళ్లు విస్తరి ముందు కూర్చునేసరికి చర్చ ముగిసేది. ఆ ఏడాది మేం రాసుకున్న పుస్తకం తిరగేస్తే పార్కింగు, గేటు కాపలా, కేబుల్ తీగలు కనిపిస్తాయి. నీళ్లు రెండుసార్లే కనిపిస్తాయి. నీళ్లు పట్టేవాళ్లు వంటింట్లో ఉండిపోయారు మరి. రెండో ఏడాది మూడు నియమాలు పెట్టుకున్నాం. వంట వీధుల వారీగా వంతు, వంతులో సగం మంది మగవాళ్లు ఉండాలి. వండినవాళ్లు మొదటి పంక్తిలో కూర్చోవాలి, ఆ రోజు వడ్డన వేరే వీధిది. గిన్నెలు తోమేది సంఘం కమిటీ. మూడో నియమం పెట్టిన నెలలో కమిటీ నుంచి ఇద్దరు రాజీనామా చేశారు. మిగిలినవాళ్లు పెద్ద గుండిగ ఎలా తోమాలో నేర్చుకున్నారు.

వంటకు మనిషిని పెట్టుకోవచ్చా అంటే పెట్టుకోవచ్చు. కూలి సరిగ్గా ఇవ్వండి, ఆ మనిషినీ పంక్తిలో కూర్చోబెట్టండి.

కొందరు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుంటామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

మధుమేహం ఉందనో, ఉపవాసమనో, ఉప్పు తినకూడదన్నారనో తెచ్చుకుంటే అభ్యంతరం ఏముంటుంది? అసలు కారణం వంట వంతుల పట్టికలో ఫలానా వీధి పేరు చూశాక పుట్టినదైతే అది వేరే సంగతి. అది పైకి అనరు. 'బయటి తిండి పడదండీ' అంటారు. హోటలు ఇడ్లీ పడుతుంది, మూడో వీధి పప్పు పడదు.

మేం ఎవరితోనూ వాదం పెట్టుకోలేదు. క్యారేజీ తెచ్చుకున్నవాళ్లనూ అదే పంక్తిలో, అదే చాప మీద కూర్చోమన్నాం. కొందరు రావడం మానేశారు. ఒక పెద్దాయన ఏడు నెలలు క్యారేజీ తెచ్చుకున్నారు. ఎనిమిదో నెల వాన, క్యారేజీ లేదు, పక్కవాళ్లు వేసిన చారు తాగారు. ఎవరూ చూడనట్టు తలలు దించుకుని తిన్నాం. కలిసి తినడమే మీ ఊళ్లో మొదటి సమస్య అయితే, మురుగు కాలువ రెండో సమస్య అవుతుంది. వరుస తప్పించకండి.

ఖర్చెలా? ఎవరైనా దాతను అడగవచ్చా?

అడగొద్దు. మొదటి నెల దాత అన్నం పెడతాడు, రెండో నెల బ్యానరు కడతాడు, మూడో నెల చర్చలో ఏది మాట్లాడాలో చెబుతాడు. మేం మూతకు చీలిక పెట్టిన పాల డబ్బా ఒకటి పెట్టాం. ఎవరు ఎంత వేశారో తెలియదు. వేయలేనివాళ్లు వేయరు. బియ్యం, పప్పు ఇంటింటికీ ఒక గ్లాసు చొప్పున తెస్తారు. లెక్క మాత్రం ప్రతి నెలా గోడ మీద అంటించండి, పది రూపాయల కరివేపాకుతో సహా.

ప్లాస్టిక్ ప్లేట్లు వాడవచ్చా? చెత్త ఎవరు తీయాలి?

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. విస్తరాకులు కొనండి, లేదా ఎవరి కంచం వాళ్లు తెచ్చుకోండి. వందమందికి పైగా చేరితే మూడు పనిదినాల ముందే పురపాలక సంఘానికో పంచాయతీకో తెలియజేయాలని ఘన వ్యర్థాల నియమాల్లో ఉంది. కాలనీ చెత్త గురించి చర్చించి, ఎంగిలాకులు రోడ్డు మీద వదిలి వెళ్తే అంతకంటే నగుబాటు ఉండదు.

## మాట నడిచేటప్పుడు

ఒక నెలలో ఎన్ని సమస్యలు తీసుకోవాలి?

ఒక్కటే. దాన్ని వారం ముందే గోడ మీద రాయండి. ప్రశ్నలాగా రాయండి. 'పారిశుధ్యం' అని రాస్తే ఎవరికీ ఏమీ తట్టదు. 'రెండో వీధి చివర చెత్త ఎవరు వేస్తున్నారు, ఎందుకు?' అని రాస్తే ఆ రోజు సాయంత్రమే మొదలవుతుంది చర్చ.

ప్రతిసారీ ఇద్దరు ముగ్గురే మాట్లాడుతున్నారు. మిగిలినవాళ్ల నోరు ఎలా విప్పించాలి?

ఎక్కువ మాట్లాడేవాళ్లకు వడ్డన అప్పగించండి. హాస్యానికి అనడం లేదు, మేం వాడే ఉపాయం ఇదే. చేతిలో చారు బకెట్టు ఉన్న మనిషి ఉపన్యాసం ఇవ్వలేడు. పైగా నలభై మంది దగ్గరా ఆగాలి కనుక నలభై మాటలు వింటాడు.

మా దగ్గర జరిగిన ఒక సంగతి చెబుతాను. పై వీధికి నీళ్లు బాగా వస్తాయి, కింది వీధికి సన్నగా వస్తాయి. ఒక రిటైర్డ్ ఇంజనీరుగారు రెండు నెలలు వరసగా మాకు పంపు సామర్థ్యం, పైపు వ్యాసం వివరించారు. పెద్ద మోటారు కావాలి, దానికి అర్జీ పెట్టాలన్నారు. మూడో నెల ఆయన వడ్డన వంతు. నాలుగిళ్లలో పనిచేసే ఒకావిడ పక్కన కూర్చున్న అమ్మాయికి ఏదో చెబుతోంది. విస్తరిలో ములక్కాడ ముక్కను అడ్డంగా పెట్టింది, అది పైపు. చివర ఉల్లిపాయ ముక్క, అది ట్యాంకు. మధ్యలో రెండు శనగలు, అవి వాల్వులు. 'నాలుగున్నరకు నీళ్లు వదులుతారు. వాల్వుల మనిషి పై వీధిదైన ఈ శనగ ముందు తిప్పుతాడు. ఐదుంపావు దాకా మా వైపు శనగ జోలికి రాడు. అప్పటికి ట్యాంకులో సగమే ఉంటుంది.' ఆమె రోజూ ఆ చీకట్లో బిందె పట్టుకుని నిలబడే మనిషి. ఇంజనీరుగారు చారు బకెట్టు కింద పెట్టి, ఆ విస్తరి ముందు గొంతుక్కూర్చున్నారు. 'ఏ రోజైనా వరస మార్చి తిప్పాడా అమ్మా?' అని అడిగారు. 'పండగ రోజు కొత్త మనిషి వచ్చి తిప్పాడండి, ఆ రోజు మాకూ బాగా వచ్చాయి' అంది. అర్జీలో మోటారు మాట కొట్టేశాం. రోజు విడిచి రోజు వాల్వుల వరస మార్చమని రాశాం. మూడు వారాల్లో మార్చారు, రూపాయి ఖర్చు లేకుండా.

రాజకీయాలు రాకుండా ఎలా? పార్టీల మాట వస్తే గొడవలవుతున్నాయి.

రాకుండా ఆపలేరు. రోడ్డు, నీళ్లు, పింఛను అన్నీ రాజకీయాలే. పార్టీ పేరు ఎత్తినప్పుడు ఒకటే అడగండి: 'ఈ పని ఎవరి చేతిలో ఉంది, ఏ కార్యాలయంలో ఉంది?' తిట్టడానికి ముఖ్యమంత్రి చాలు, పని కావాలంటే వార్డు స్థాయి ఉద్యోగి పేరు, హోదా తెలియాలి. ఆ వెతుకులాటలో పడితే వేడి దానంతటదే తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే మజ్జిగ ముందుగా తెప్పించండి.

కార్పొరేటరునో, సర్పంచినో పిలవవచ్చా?

పిలవండి, ఏడాదికి ఒకసారో రెండుసార్లో. మూడు షరతులు ముందే చెప్పండి: దండలు ఉండవు, కుర్చీ ఉండదు, ఫొటోలు తిన్నాకే. వారు చాప మీద కూర్చుని పప్పన్నం తింటుంటే జనం అడిగే తీరే మారిపోతుంది. ఒకరు షరతులు విని రాలేదు. ఇంకొకరు వచ్చి, తిని, మా అర్జీ వెనకవైపున ఎవరిని కలవాలో స్వయంగా రాసిచ్చారు.

## చేతులు కడుక్కున్నాక

బాగా తింటున్నాం, బాగా మాట్లాడుకుంటున్నాం. ఒక్క పనీ కావడం లేదు. లోపం ఎక్కడ?

పెరుగన్నం తర్వాత. తిన్నాక మనిషికి కునుకు వస్తుంది, చెప్పుల కోసం వెతుకుతాడు. ఆ పదిహేను నిమిషాలు పట్టుకోలేకపోతే మిగతాదంతా పిక్నిక్కే. మేం పెరుగు వడ్డించేటప్పుడే పుస్తకం తెరుస్తాం. మూడు గీతలు: ఏం చేయాలి, ఎవరు చేస్తారు, ఏ తేదీకి. 'అందరం కలిసి చేద్దాం' అని ఎవరైనా అంటే రాయం, ఆ మాటకు ఎవరూ చేయరని అర్థం. పేరు రాసిన మనిషి సంతకం పెట్టాకే తాంబూలం. పై నెల మొదటి ముద్దకు ముందు ఆ పుట చదువుతాం. పని కాకపోతే కాలేదని చెబుతారు, అంతే. తిట్లు లేవు. అయినా ఆ చదవబోయే ముందు రాత్రి చాలామంది ఫోన్లు మోగుతాయని నాకు తెలుసు.

అర్జీ ఎక్కడ ఇవ్వాలి?

ముందు పని చేయాల్సిన కార్యాలయంలోనే ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరు కార్యాలయం. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. రసీదు సంఖ్యను కాలనీ గోడ మీద రాయండి. ఒక్కరు వెళ్లొద్దు, ముగ్గురు వెళ్లండి. పాతికమంది వెళితే ధర్నా అనుకుంటారు.

సమాచార హక్కు దరఖాస్తు మా సంఘం పేరున పెట్టవచ్చా?

2005 నాటి చట్టం ఈ హక్కును పౌరులకు ఇచ్చింది. కనుక సంఘం పేరున కాకుండా ఒక మనిషి పేరున పెట్టడమే క్షేమం. రెండు తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయాల్లో రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎక్కడా రుసుము లేదు. జవాబు 30 రోజుల్లో రావాలి. రాకపోతే, వచ్చినా తృప్తిగా లేకపోతే, మరో 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి. ప్రశ్నలు పంక్తిలోనే తయారు చేయండి. 'రోడ్డు ఎందుకు వేయలేదు?' అని అడిగితే ఏదో సాకు వస్తుంది. 'మంజూరు ఉత్తర్వు, చేసిన పని కొలతలు రాసే పుస్తకం నకళ్లు ఇవ్వండి' అని అడిగితే కాగితం వస్తుంది.

మాది పల్లె. గ్రామసభ ఉండగా ఈ భోజనాలెందుకు?

గ్రామసభకు ప్రత్యామ్నాయంగా కాదు, దానికి ముందు పెట్టుకోండి. 1993లో అమల్లోకి వచ్చిన 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి సభ జరగాలి. కానీ చాలాచోట్ల తీర్మానం ముందే రాసి ఉంటుంది, జనం సంతకాలు పెట్టి వస్తారు. సభకు మూడు రోజుల ముందు పాతికమంది కలిసి తిని, ఏం అడగాలో, ఎవరు అడగాలో, ఏ మాట తీర్మానంలోకి ఎక్కాలో అనుకుని వెళ్తే ఆ ముందే రాసిన కాగితం అంత సులువుగా నడవదు.

ఎన్నికల సమయంలో పెట్టుకోవచ్చా?

వద్దు. షెడ్యూలు ప్రకటించిన రోజు నుంచే ప్రవర్తనా నియమావళి అమల్లోకి వస్తుంది. ఓటు కోసం కానుక ఇవ్వడాన్ని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అవినీతి చర్యగా చూస్తుంది. మీ ఉద్దేశం ఏదైనా, సామూహిక భోజనం అనగానే తనిఖీ బృందానికి అనుమానం రావడం సహజం. ఏదో ఒక అభ్యర్థి మనిషి వచ్చి బిల్లు నేనిస్తానంటాడు కూడా. మేం పోలింగు ముగిసేదాకా పొయ్యి వెలిగించం.

మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడ తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్‌లలో ఇలా చేయవచ్చా?

చేయవచ్చు, వంట ఎలాగూ పంచుకునే చేస్తారు. మీ ఊరి నగర మండలి సమావేశాల్లో ప్రజలు మాట్లాడటానికి సాధారణంగా రెండు మూడు నిమిషాలు ఇస్తారు. ఆ మూడు నిమిషాల మాటను భోజనాల దగ్గర సిద్ధం చేసుకోండి. పొరుగున ఉన్న తెలుగు రానివాళ్లనూ పిలవండి. లేకపోతే మాట మళ్లీ సొంతూరి రాజకీయాల మీదికే పోతుంది.

జనం తగ్గిపోతున్నారు. ఆపేయాలా?

ఎండాకాలంలో తగ్గుతారు, పరీక్షల నెలలో తగ్గుతారు. ఒక మే నెలలో మేం తొమ్మిది మందిమే. ఐదు కిలోల బియ్యం అప్పటికే పులిహోర అయిపోయింది. ఏం చేయాలో తోచక తలా ఒక గిన్నె పట్టుకుని ఇంటింటికీ తీసుకెళ్లాం. గుమ్మం దగ్గర నిలబడి, ఈ నెల ప్రశ్న ఇది, మీరేమంటారు అని అడిగాం. పుస్తకంలో ఆ నెలకు 31 జవాబులు ఉన్నాయి. అందులో కొన్ని అంతకుముందు ఎన్నడూ పంక్తికి రానివాళ్లవి.